నాటు సోయకూరను నాటొచ్చా?

అందరికీ నమస్కారం. సందేహం చిన్నదే కానీ పది రోజులుగా బుర్ర తినేస్తోంది.

మాది విశాఖ, సీతమ్మధార. డాబా మీద కుండీల్లో ఈ కార్తీకంలో సోయకూర వేశాను. సోయా చిక్కుడు కాదండోయ్. ఆకు దారాలు దారాలుగా ఉంటుంది, పప్పులో వేస్తారు, సంస్కృతంలో శతపుష్ప. గింజ నలిపితే చంటిపిల్లల గ్రైప్ వాటర్ వాసన. హైదరాబాదులో ఉన్నప్పుడు కట్టలు కట్టలుగా కొనేదాన్ని. ఇక్కడ రైతుబజారులో అడిగితే మెంతికూర చేతిలో పెట్టారు.

విత్తనాలు మా చెల్లెలు పంపింది. ప్యాకెట్ మీద ‘హెయిర్‌లూమ్ డిల్’ అని ఉంది. డిల్ అంటే సోయకూరే, హెయిర్‌లూమ్ అంటే తరాలుగా దాచుకున్న పాత రకం. కుండీకి ‘నాటు సోయకూర’ అని చిన్న పలక తగిలించాను. కింది వాటాలో ఉండే పిన్నిగారిది పార్వతీపురం వైపు. పలక చూసి, “నాటీసేవేటి? ఇది నాటకూడదమ్మా, సల్లాలి” అన్నారు. నాటు అంటే దేశవాళీ అని నేను చెబుతుంటే ఆవిడ నవ్వు ఆపరు.

నవ్వినా ఆవిడ మాటే నిజమైంది. ట్రేలో నారు పోసి 12 మొక్కలు కుండీల్లోకి మార్చాను, 9 వాడిపోయాయి. దీని తల్లివేరు క్యారెట్ వేరులా నిలువుగా దిగుతుంది, కదిపితే ఓర్చుకోదు. మిగిలిన గింజలు తిన్నగా కుండీలోనే చల్లి, పైన పలచగా మట్టి రాల్చాను. పదో రోజుకి పచ్చటి వెంట్రుకల్లా లేచాయి.

ఇప్పుడు అసలు సంగతి. నాటుకోడిలో నాటు, నాట్లు వేయడంలో నాటు ఒకటేనా? హెయిర్‌లూమ్‌కి మనకి మంచి మాట ఉందా?

— రెండూ వేరు. మొక్క నాటడం క్రియ. లోపలికి గుచ్చి నిలబెట్టడం దాని మూలార్థం. బాణం నాటుకుంది, మాట మనసులో నాటుకుంది అంటాం. నాటుకోడిలోది ‘నాడు’ నుంచి వచ్చింది. నాడంటే దేశం, సీమ. పల్నాడు, వెలనాడు ఉన్నాయిగా. నాటుపురం అంటే పల్లెటూరే.

— చిన్న అభ్యంతరం. తెలుగులో కాడు ‘కాటి’ అవుతుంది, కాటికాపరి. నోరు ‘నోటి’ అవుతుంది. ఆ లెక్కన నాడు ‘నాటి’ కావాలి. అయింది కూడా, వెలనాటి చోళులు అంటాం. మరి కోడికి మాత్రం ‘నాటు’ ఎందుకొచ్చింది? తమిళులు నాట్టుక్కోళి అంటారు. మాట అటువైపు నుంచి వచ్చిందేమోనని నా అనుమానం.

— అయితే మన నాటుకోడి తమిళ కోడా! ఆదివారం పూట ఇదేం కబురండీ బాబూ.

— మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు ఈ తేడా పొలంలోనే తెలిసిపోతుంది. గింజ తిన్నగా చల్లితే ఎదలు. నారు పోసి, పీకి, దమ్ము చేసిన మడిలో పెడితే ఉభాలు. రెండింటికీ ఒకే మాట వాడితే మా అమ్మ ఊరుకునేది కాదు. పట్నంలో అన్నిటికీ ‘మొక్కలు నాటాం’ అనేస్తున్నారు. గింజ చల్లినా నాటామే, కొమ్మ గుచ్చినా నాటామే. పిన్నిగారు దిద్దింది మీ వ్యవసాయాన్ని కాదు, మీ క్రియాపదాన్ని!

— హెయిర్‌లూమ్‌కి ‘వారసత్వ విత్తనం’ అనొచ్చు కదా?

— (పోస్టు పెట్టింది నేనే) అనొచ్చు. కానీ ఆ మాట వింటే తహసీల్దారు ఆఫీసులో నిలబడ్డట్టు ఉంటుంది.

— అసలు ఆ ప్యాకెట్‌లోది నాటుదేనా చూశారా? హెయిర్‌లూమ్ అంటే తరాలుగా గింజ దాచుకుంటూ వచ్చిన రకం. హైబ్రిడ్ కాదు కాబట్టి దాని గింజ వేస్తే మళ్లీ అదే రకం వస్తుంది, పక్కన వేరే సోయకూర రకం పూసి తేనెటీగలు కలిపేయకపోతే. అది ఏ దేశపు తరాలదైనా కావచ్చు. నాటు అంటే మాత్రం మన నేలది కావాలి.

— (నేనే) ప్యాకెట్ వెనక చూశాను. ‘మమ్మత్ లాంగ్ ఐలాండ్’ అట, అమెరికా రకం! పలక పీకేశాను. మా పిన్నిగారైతే దాచుకున్న గింజని ‘ఇంటి విత్తనం’ అంటారు. దానిలో దేశం గొడవ లేదు, ఎవరి ఇల్లయినా ఇల్లే. నా ఓటు దానికే.

— (రెండు నెలల తర్వాత నేనే మళ్లీ) మూడు మొక్కలు పూశాయి. సన్నటి గొడుగు పుల్లలు, పుల్ల చివర మళ్లీ బుల్లి గొడుగు, దాని మీద ఆవగింజంత పసుపు పూలు. ఒక గొడుగుకి 24 పుల్లలు లెక్కపెట్టాను. ఒక్కో పుల్లకి ఇరవై పూలకి తక్కువ లేవు. శతపుష్ప అన్నవాళ్లు పీనాసితనం చేశారు.

ఆకు కోయడం ఆపి విత్తనానికి వదిలేశాను. కొత్త పలక మీద ‘ఇంటి విత్తనం’ అని రాశాను. పిన్నిగారు చదివి, కింద ‘కొయ్యొద్దు’ అని కూడా రాయమన్నారు. మా ఆయన పప్పు పొయ్యి మీద పెట్టి, కత్తెర పట్టుకుని అప్పటికే మెట్లెక్కుతున్నారు.