గోంగూర మటన్‌తో రీస్లింగ్ తాగితే నీళ్లలా ఉందేంటి?

కోబ్లెంజ్_కోడలు:
ఆదివారం మా ఇంటి ఓనరమ్మ, ఆవిడ భర్త భోజనానికి వచ్చారు. గోంగూర మటన్, రొయ్యల వేపుడు, ముద్దపప్పు చేశాను. జర్మనీలో ఈ ఊళ్లో వైన్ లేకుండా ఏం బాగుంటుందని సూపర్ మార్కెట్లో రీస్లింగ్ అనే తెల్ల వైన్ ఒకటి తెచ్చాను. లేబుల్ మీద ‘ట్రోకెన్’, ఆల్కహాల్ 12.5 శాతం అని ఉంది. ఉత్తగా తాగితే పచ్చి ఆపిల్ కొరికినట్టు పుల్లగా, హాయిగా ఉంది. గోంగూర ముద్ద తిని గుక్క వేస్తే మాత్రం రుచీ పచీ లేదు. రొయ్యలతో అయితే నోరంతా మంట. ఓనరమ్మ ‘ఇంటరెసాంట్’ (ఆసక్తిగా ఉంది) అన్నారు. అంటే బాలేదనే లెండి. వచ్చే నెల మళ్లీ పిలవాలి, ఒకటే టెన్షన్. ఏది కొనమంటారు?

ట్రియర్_బాబాయ్:
అమ్మా, ట్రోకెన్ అంటే తీపి పెద్దగా లేని రకం, లీటరుకు 9 గ్రాములకు మించి చక్కెర ఉండదు. పైగా ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ కారం రెచ్చిపోతుంది. ఈసారి మోజెల్ నది లోయలో చేసే ‘కాబినెట్’ అనే తేలిక రకం రీస్లింగ్ చూడండి. సీసా మీద 8, 9 శాతం ఉంటే చక్కెర కొంత పులియకుండా మిగిలిందని లెక్క. ‘కాబినెట్ ట్రోకెన్’ అని కూడా ఉంటాయి, వాటి జోలికి పోకండి.

తీపి అనగానే ముఖం చిట్లించకండి. పులుసులో బెల్లం ముక్క ఎందుకు వేస్తాం? ఇదీ అంతే. మోజెల్ చలికి ఈ రీస్లింగ్ ద్రాక్ష నిదానంగా, అక్టోబర్ దాకా పండుతుంది, అందుకే పులుపు చావదు. కొండవాలు తోటల్లో నేలంతా పలకరాయి. ఒకసారి కోతకి వెళ్లినప్పుడు పొద్దు వాలాక ఒక పలక చేత్తో పట్టుకున్నాను, ఇంకా పెనంలా వెచ్చగా ఉంది. ఆ వేడి లేకపోతే ఇక్కడ ద్రాక్ష పండడం కష్టమే. వాలు చూస్తే కళ్లు తిరుగుతాయి, అది వేరే కథ.

గోంగూర మాత్రం ఆ రోజుకి మానేయండి. తిండి వైన్‌ని మించి పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. రొయ్యలు కొబ్బరిపాలతో ఇగురు పెట్టండి, కారం మీ ఇష్టం.

నెయ్యి_ముద్ద:
బాబాయ్ గారూ, ముద్దపప్పు నెయ్యికి ట్రోకెనే బాగుంటుంది, జిడ్డు కోసేస్తుంది. పప్పుతో కాబినెట్ నాకు పానకంలా అనిపించింది. ఇంకో మాట: పాత రీస్లింగ్ కొంటే కిరసనాయిలు వాసన వస్తుంది. వయసుతో వచ్చేదే. తెలియక నేనొక సీసా సింకులో పోసేశాను, ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కోబ్లెంజ్_కోడలు:
8.5 శాతం కాబినెట్ తెచ్చాను. రొయ్యల ఇగురుతో మంట నిజంగానే తగ్గింది. ఓనరమ్మ ఇంకో గ్లాసు అడిగి పోయించుకున్నారు. ఆవిడ భర్త మాత్రం గోంగూర ఏదని అలిగారు. డబ్బాలో కట్టి పంపాను.