ఘాట్‌లో నల్ల పొగ వదిలితేనే బండి లాగుతుందా?

జయపురం లోడు: నాది బీఎస్4 (కాలుష్య ప్రమాణం, బీఎస్6కి ముందుది) డీజిల్ పికప్. సాలూరు నుంచి సిమెంటు, రేకులు పైకి తెస్తాను, కిందికి సెమిలిగుడ కూరగాయలు, అల్లం. ఈ మధ్య ఒక షెడ్డులో రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో ఉండే డీజిల్ లెక్క (మ్యాపు) మార్పించాను. డీజిల్ పెంచారు, ఈజీఆర్ మూసేశారు. ఇంతకు ముందు సుంకి ఘాట్‌లో రెండో గేరులో పాకేది, ఇప్పుడు మూడో గేరులో ఎక్కుతోంది. కాకపోతే తొక్కితే చాలు, వెనకంతా నల్లగా కమ్మేస్తోంది. మా బావమరిది ఇంజిన్ పోతుందంటాడు. షెడ్డువాళ్ళేమో పొగ లేకుండా పవర్ రాదంటారు. బండి ఎక్కుతోంది కాబట్టి నాకు షెడ్డు మాటే నిజమనిపిస్తోంది. మీరేమంటారు?

రాయగడ బ్రదర్: షెడ్డు మాటే కరెక్ట్ అన్నా. పొగ వస్తోందంటే డీజిల్ బాగా పడుతోందని, డీజిల్ పడుతోందంటే లాగుతోందని. పొగ రాని బండి మైలేజ్ ఇస్తుంది, లోడు లాగదు. అమెరికా పికప్ వీడియోలు చూడు, ఆకాశం నల్లబడిపోతుంది. వాళ్ళకి తెలీదా?

సునాబేడ ఫిట్టర్: ఇంజిన్ల దగ్గరే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

డీజిల్ ఇంజిన్‌లో పవర్‌ని పెంచేదీ తగ్గించేదీ డీజిలే. అంతవరకు షెడ్డువాళ్ళు చెప్పింది నిజం. కానీ ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి కావాలి. సిలిండర్‌లో డీజిల్, గాలి ఎక్కడికక్కడ సమంగా కలవవు. అందుకే అంతకంటే ఎక్కువ గాలి ఉండాలి. కిలోకి 18 కిలోల దగ్గరికి పడిపోయిందంటే పొగ కంటికి కనబడడం మొదలవుతుంది. ఇంజిన్‌ని బట్టి అటూ ఇటూ ఉంటుంది. అక్కడి నుంచి ఇంకా డీజిల్ పోస్తే పవర్ కొంచెం పెరుగుతుంది, పొగ మాత్రం విపరీతంగా పెరుగుతుంది. కాబట్టి మీ మూడో గేరు పెరిగిన డీజిల్‌లో మొదటి వాటా వల్ల వచ్చింది. కమ్ముకొస్తున్న పొగ చివరి వాటాది. ఆ చివరి వాటా తీసేసినా మీ కాలికి పెద్ద తేడా తెలియదు.

ఇంకో సంగతి. ఈజీఆర్ అంటే కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు. దాన్ని మూస్తే లోపలికి తాజా గాలి ఎక్కువ వెళ్తుంది, మసి తగ్గాలి. మీకు పెరిగిందంటే డీజిల్ ఏ రేంజిలో పోశారో ఆలోచించండి. పైగా ఘాట్‌లో ఫుల్‌గా తొక్కినప్పుడు ఆ వాల్వు ఎలాగూ దాదాపు మూసుకునే ఉంటుంది. దాన్ని మూయించినందుకు ఎక్కుడులో మీకు ఒరిగిందేమీ లేదు.

రాయగడ బ్రదర్: మాస్టారూ, లెక్కలు బాగున్నాయి. మరి పాత బళ్ళలో పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచేవాళ్ళు కదా, ఏళ్ళ తరబడి నడిచాయి.

సునాబేడ ఫిట్టర్: నడిచాయి. అవి తక్కువ పవర్‌కి చేసిన ఇంజిన్లు, ఓర్చుకున్నాయి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) ఉన్న వాటిలో ఒక చిన్న ఏర్పాటు కూడా ఉండేది, టర్బో గాలి వచ్చేదాకా పంపు డీజిల్‌ని ఆపి ఉంచేది. చాలామంది ముందు దాన్నే పీకేవాళ్ళు! ఇప్పటి బళ్ళలో అదే పని కంప్యూటర్ చేస్తుంది, రీమ్యాప్‌లో ఎత్తేసేది ఆ అడ్డునే.

పొట్టంగి కుర్రాడు: ఫిట్టర్ గారు చెప్పినదానికి నాదో చేర్పు, కొంచెం విభేదం కూడా. పొగ అంటే డీజిలంతా వృథా అని కొందరు చెబుతారు, అది నిజం కాదు. మసి రూపంలో బయటికి పోయే డీజిల్ చాలా తక్కువ. అసలు నష్టం వేరే చోట ఉంది. ఎక్కువైన డీజిల్ ఆలస్యంగా, పిస్టన్ కిందికి దిగిపోయాక కూడా కాలుతూ ఉంటుంది. ఆ మంట పిస్టన్‌ని నెట్టే టైము అయిపోయింది, వేడంతా ఎగ్జాస్ట్‌లోకి, టర్బోలోకి పోతుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. స్వచ్ఛమైన అల్యూమినియమే 660 డిగ్రీలకు కరిగిపోతుంది. టర్బో ముందు వాయువులు 700 దాటడం ఫుల్ లోడులో మామూలే. ఆయిల్, నీళ్ళు ఆ వేడిని లాగేస్తాయి కాబట్టే పిస్టన్ బతుకుతుంది. కాసేపైతే ఫర్వాలేదు. సుంకి నుంచి మా ఊరి దాకా తొక్కిన కాలు తీయకుండా ఎక్కితే?

బ్రదర్ చెప్పిన అమెరికా వీడియోల్లో బరువు లాగే పందెం 300 అడుగుల ట్రాక్. వంద గజాలు లాగితే అయిపోయింది, తర్వాత చల్లారబెట్టుకుంటారు. పైగా వాళ్ళవి ఆరు లీటర్ల ఇంజిన్లు, మనది రెండున్నర. ఇక రోడ్డు మీద కావాలని పొగ వదలడాన్ని అక్కడి పర్యావరణ సంస్థ చట్టవిరుద్ధమంది, న్యూజెర్సీ 2015లో విడిగా నిషేధించింది. పందేల పొగ వేరు, లోడు మోసే పొగ వేరు.

అన్నట్టు, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడికి చేరేసరికి గాలి ఇంచుమించు 8 శాతం పలుచన. టర్బో కొంత సర్దుతుంది గానీ, సాలూరులో సరిపోయిన డీజిల్ పైన ఎక్కువే.

బరంపురం వకీలు: చట్టం సంగతి కూడా చూడండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కాలుష్య ప్రమాణాలు మీరితే 190(2) కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారి పట్టుబడినా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది.

రాయగడ బ్రదర్: పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే ఎవరడుగుతారు వకీలు గారూ? నా బండి ప్రతిసారీ పాసే.

పొట్టంగి కుర్రాడు: పాసవుతుంది మరి. ఆ పరీక్ష న్యూట్రల్‌లో రేజ్ చేసి చూసేది. మీటరులో పొగ చిక్కదనానికి బీఎస్4 డీజిల్ బండి పరిమితి 1.62, అంతకు ముందు బళ్ళకి 2.45. లోడు లేనప్పుడు ఇంజిన్‌కి డీజిల్ అవసరమే తక్కువ. ఘాట్ మధ్యలో యాభై బస్తాలతో పెట్టి చూడమను మీటరు, అప్పుడు మాట్లాడదాం.

సెమిలిగుడ టీచరమ్మ: మీరంతా ఇంజిన్ గురించే మాట్లాడుతున్నారు. నేను స్కూటీ మీద స్కూలుకి వెళ్తాను. మలుపులో మీ పికప్ గేరు మార్చి తొక్కగానే నాకు ఎదురుగా వచ్చే బస్సు కనబడదు. రోడ్డు పక్కన నడిచే పిల్లలు ఆ మసే పీలుస్తారు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. మీ మూడో గేరు కోసం మా పిల్లలు దగ్గాలా?

రాయగడ బ్రదర్: అక్కా, మీ బాధ నిజమే. కానీ మేము సరదాకి చేయట్లేదు. ముప్పై బస్తాల బండికి యాభై ఎక్కిస్తారు. మధ్యలో ఆగితే క్లచ్ కాలుతుంది. కిరాయి మాత్రం పెరగదు.

జయపురం లోడు: అదీ అసలు సంగతి. సరే, ఫిట్టర్ మాస్టారూ, ఇప్పుడు ఏం చేయించమంటారు?

సునాబేడ ఫిట్టర్: ముందు గాలి సంగతి చూడండి. ఎయిర్ ఫిల్టర్ మార్చండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లార్చేది) వెళ్ళే రబ్బరు హోసులు, క్లిప్పులు చెక్ చేయించండి. చిన్న చిరుగున్నా ఒత్తిడి పోతుంది, పొగ వస్తుంది, లాగడమూ తగ్గుతుంది. డీజిల్ చిమ్మే నాజిళ్ళు టెస్ట్ బెంచి మీద పెట్టించండి. పాత మ్యాపుకి పోవడమే మంచిది. పోనంటే కనీసం పొగ పరిమితిని, అంటే గాలి చాలనప్పుడు డీజిల్‌ని ఆపే ఆ అడ్డుని, తిరిగి పెట్టమనండి. ఆ మాట వినగానే షెడ్డువాడు తెల్లమొహం వేస్తే షెడ్డు మార్చేయండి. ఒకవేళ రేపు బీఎస్6 బండి కొంటే దాని జోలికి పోకండి. అందులో మసి పట్టే ఫిల్టరుంటుంది. డీజిల్ పెంచితే అది తరచుగా నిండిపోతుంది, అప్పుడు కోసేద్దామంటారు. అలాంటి బండి నల్ల పొగ వదిలిందంటే ఫిల్టరు పగిలిందో కోసేశారో అని చూసినవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

జయపురం లోడు: హోసులు చూపిస్తాను, పొగ పరిమితి కూడా అడుగుతాను. మూడో గేరు మాత్రం వదులుకోను.

పొట్టంగి కుర్రాడు: వదులుకోనక్కర్లేదు అన్నా. ఇరవై బస్తాలు దించు, మామూలు మ్యాపుతోనే మూడో గేరులో ఎక్కుతుంది.

జయపురం లోడు: ఆ ముక్క మా సేటుకి చెప్పు తమ్ముడూ, నంబరిస్తాను.