బస్సులో పుస్తకం తెరిస్తే కడుపులో తిప్పేస్తోంది, ఏం చేయాలి?

నెలకు రెండుసార్లు 7 గంటల బస్సు ప్రయాణం తప్పడం లేదు. చదువుకోవడానికి తీరిక దొరికేది అప్పుడే. కానీ పుస్తకం తీసిన 10, 12 నిమిషాలకే మొదలవుతుంది. ముందు వరసగా ఆవలింతలు, తర్వాత నోట్లో నీళ్లూరడం, నుదుటి మీద చల్లటి చెమట. 20 నిమిషాలు దాటితే వాంతి అయ్యేంత పనవుతుంది. పుస్తకం మూసేసి దూరంగా రోడ్డు చివరికి చూస్తూ కూర్చుంటే పావుగంటలో తగ్గుతుంది. విచిత్రం ఏమిటంటే, రైల్లో గంటల తరబడి చదివినా ఏమీ కాదు.

బస్సు కదలికను లోపలి చెవి పసిగడుతుంటే కళ్లేమో కదలని పేజీని చూస్తుంటాయి, దాంతో మెదడు తికమకపడుతుందని తెలుసు. అందుకే వెనక సీట్లు మానేసి ముందువైపు కిటికీ పక్కన కూర్చుంటున్నాను. పుస్తకాన్ని కళ్ల ఎత్తుకి పట్టుకుని చూశాను, చేతులు లాగేశాయి తప్ప లాభం లేదు. ఈ-రీడర్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే 12 నిమిషాలు కాస్తా 15 అయ్యాయి, అంతే. డాక్టర్ రాసిచ్చిన మాత్ర గంట ముందు వేసుకుంటే వికారం ఆగింది కానీ రెండో పేజీకే నిద్ర ముంచుకొచ్చింది! ఆడియో పుస్తకాలు నాకు పడవు. నచ్చిన వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదువుకోవాలి నాకు.

మీలో ఇదే ఇబ్బంది ఉండి, ఇప్పుడు మాత్ర లేకుండా బస్సులో కనీసం గంటసేపు చదవగలుగుతున్నవాళ్లు ఉంటే, ఏం మార్చుకున్నాక అది కుదిరింది?