ప్లేస్టేషన్ 1 డూమ్‌లో మ్యూజిక్ లేదా? మా బావ మాట నిజమేనా?

మిర్చియార్డు_పద్దులు (గుంటూరు):

అందరికీ నమస్కారం. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పద్దులు రాస్తుంటాను. నెల రోజులుగా ఒక విషయం మనసులో తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెబుతారని ఇక్కడ రాస్తున్నాను.

1999లో నేను ఏడో తరగతి. అరండల్‌పేటలో మా ట్యూషన్ సందు చివర ఒక వీడియో గేమ్స్ షాపు ఉండేది. చిన్న గది, నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు. గంటకు పదిహేను రూపాయలు, అరగంటకు ఎనిమిది. పిల్లలంతా ఫుట్‌బాల్‌కీ, కారు రేసులకీ ఎగబడేవాళ్లు. మూలన ఉన్న టీవీ దగ్గరికి మాత్రం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అందులో డూమ్ ఉండేది, తుపాకీతో రాక్షసుల్ని కాల్చే గేమ్. అది ఆడింది నేనూ, మా క్లాసు కుర్రాడు ఒకడూ. రిమోట్ నా చేతిలో ఉంటే, తలుపు పక్కన ఎవరైనా దాక్కున్నారేమో వాడు చూసి చెప్పేవాడు. స్టేజి దాటాక పది అక్షరాల కోడ్ వచ్చేది. దాన్ని లెక్కల నోటు చివరి పేజీలో రాసుకునేవాళ్లం. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా మర్నాడు ఆ స్టేజి తెరుచుకునేది కాదు.

నాకు బాగా గుర్తున్నది దాని శబ్దం. పాట లేదు, డప్పు లేదు. దూరంగా గాలి హోరు, ఎక్కడో ఇనుము రాసుకుంటున్న చప్పుడు, గోడల వెనక ఏదో మూలుగు. పెద్ద హాల్లో తుపాకీ పేలిస్తే మోత తిరిగి వినపడేది. మా నాన్నగారికి రాత్రి షిఫ్టు. ఆయన లేని రాత్రుళ్లు ఇంట్లో ఆ హోరే చెవుల్లో ఉండేది. మంచినీళ్లకి లేవాలన్నా వంటింటి లైటు వేసేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ని.

పోయిన నెల మా అమ్మాయి కోసం సెకండ్ హ్యాండ్‌లో పీఎస్ 4 కొన్నాను. విజయవాడ నుంచి మా బావ వచ్చి డూమ్ ఎక్కించాడు. మొదటి స్టేజి మొదలవగానే గిటార్ల హోరు! గేమ్ అదే, గోడలు అవే, కానీ నాకు కొత్త ఊరికి వచ్చినట్టుంది. నేను ఆడింది ఇది కాదన్నాను. బావ ఒప్పుకోలేదు. వాళ్లింట్లో 1996లోనే కంప్యూటర్ ఉండేది, సౌండ్ కార్డుతో సహా. "డూమ్ అంటేనే ఈ మ్యూజిక్ రా. నువ్వు ఆడింది డూప్లికేట్ సీడీ. కాపీ కొట్టేటప్పుడు పాటలు పీకేస్తారు" అన్నాడు. షాపులోవి డూప్లికేట్ సీడీలే, అది నిజం. మరి నేను అంతగా భయపడింది ఒక సగం గేమ్‌కేనా? పాటలు తీసేసిన సీడీకేనా? ఆ శబ్దాలు అసలు గేమ్‌లో ఉన్నాయా, లేక నేనే ఊహించుకున్నానా? దయచేసి చెప్పండి.

బందరు_కాలువ (విజయవాడ):

మీరు ఊహించుకోలేదండీ. మీ చెవులు సరిగ్గానే విన్నాయి. మీ బావగారు చెప్పింది ఆయన కంప్యూటర్ వరకు నిజం.

1993 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన కంప్యూటర్ డూమ్‌కి బాబీ ప్రిన్స్ సంగీతం చేశాడు. అందులో చాలావరకు మెటల్ పాటల ధోరణి. బావగారు విన్నది అది. 1995 నవంబర్‌లో విలియమ్స్ సంస్థ ప్లేస్టేషన్ డూమ్ తెచ్చినప్పుడు ఆ పాటలన్నీ పక్కన పెట్టేశారు. ఆబ్రీ హాడ్జెస్ అనే ఆయన సంగీతాన్నీ, తుపాకుల చప్పుళ్లనీ, రాక్షసుల అరుపుల్నీ అన్నిటినీ కొత్తగా చేశాడు. మీరు చెప్పిన గాలి హోరు, మూలుగు ఆయన పనే. హాల్లో మోత తిరిగి రావడం కూడా నిజమే. ప్లేస్టేషన్ సౌండ్ చిప్‌కి ప్రతిధ్వని పుట్టించే సదుపాయం ఉంది, దాన్ని బాగా వాడుకున్నారు.

డూప్లికేట్ సీడీ సంగతి. పాటల్ని ఆడియో సీడీలాగా ట్రాకులుగా పెట్టిన గేముల్లో మీ బావగారు చెప్పినట్టు జరిగేది. ఒక డిస్కులో రెండు మూడు గేములు ఇరికించడానికి ఆ ట్రాకులు తీసేసేవాళ్లు. ప్లేస్టేషన్ డూమ్‌లోనూ అలాంటి ట్రాకులు కొన్ని ఉన్నాయి కానీ అవి టైటిల్ దగ్గర, స్టేజికీ స్టేజికీ మధ్య వచ్చేవి. స్టేజిలో వినిపించేది ట్రాక్ కాదు. చిన్న చిన్న శబ్దాలు మెమరీలోకి ఎక్కుతాయి, వాటిని ఏ వరసలో వాయించాలో గేమ్ చెబుతుంది, సౌండ్ చిప్ వాయిస్తుంది. అది తీసేస్తే తుపాకీ చప్పుడు కూడా ఉండదు. కాబట్టి మీ షాపు సీడీలో టైటిల్ పాట పోయి ఉండొచ్చేమో గానీ, మీరు భయపడింది పూర్తి గేమ్‌కే.

ఇంకో గుర్తు చెబుతాను, సరిచూసుకోండి. కొన్ని స్టేజీల్లో ఆకాశం మండుతూ కదిలేదా? గదుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఉండేవా? కంప్యూటర్ డూమ్‌లో ఆకాశం కదలని బొమ్మ, వెలుగులో ఎక్కువ తక్కువలే గానీ రంగుల్లేవు. రెండూ ప్లేస్టేషన్‌లో కొత్తగా చేర్చినవి.

ఎర్రక్యాసెట్ (విజయవాడ):

పైన ఆయన బాగా చెప్పారు. నా అనుభవం దానికి పూర్తిగా ఉల్టా, అందుకే రాస్తున్నాను.

నాకు డూమ్ పరిచయమైంది సూపర్ నింటెండో అనే గేమ్ మెషిన్‌లో. 1996లో మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. క్యాసెట్ ఎర్రగా ఉండేది. అక్కడిది 110 వోల్టుల మెషిన్. గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ షాపులన్నీ తిరిగి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. ఇంత చేస్తే మా టీవీలో బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చింది. మన టీవీది పాల్ అనే రంగుల పద్ధతి, ఆ మెషిన్‌ది అమెరికాలో వాడే ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. పది రోజులు డూమ్‌ని బ్లాక్ అండ్ వైట్‌లోనే ఆడాను. రాక్షసుడి నిప్పు తెల్లగా వచ్చేది.

రంగుల టీవీ దొరికాక చూస్తే నేల మీద, పైకప్పు మీద డిజైన్లే లేవు, ఉత్త రంగు పూసినట్టుంది. క్యాసెట్ పాడైందేమోనని ఊది ఊది పెట్టాను. నిజానికి ఆ గేమ్ తయారీయే అలా. ర్యాండీ లిండెన్ అనే ప్రోగ్రామర్ ఐడీ వాళ్ల అసలు కోడ్ చేతిలో లేకుండానే సొంతంగా ఇంజన్ రాసుకుని మొదలుపెట్టాడట. సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్. దానితో డూమ్ నడవదు కాబట్టి క్యాసెట్ లోపలే సూపర్ ఎఫ్‌ఎక్స్ 2 అనే ఇంకో చిప్ పెట్టారు. అయినా నేల డిజైన్లకి బలం చాల్లేదు. రాక్షసులు ఎప్పుడూ మన వైపే తిరిగి ఉంటారు, వీపు కనపడదు. సేవ్ లేదు, కోడ్ కూడా లేదు. కరెంటు పోతే మళ్లీ ఎపిసోడ్ మొదటి నుంచే. వేసవి సెలవుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయేదో మీకు తెలుసు.

కానీ పాటలు మాత్రం ఉన్నాయి, ఎంతో బాగున్నాయి. నాకు ఇప్పటికీ డూమ్ పాటలంటే సూపర్ నింటెండో వాయించిన పద్ధతే చెవిలో ఉంది. కంప్యూటర్‌లో వింటే పలచగా అనిపిస్తుంది. మీకు ఆ హోరు ఎలాగో నాకు ఇది అలాగ.

పటమట_పిక్సెల్:

అటారీ జాగ్వార్ అనే గేమ్ మెషిన్‌కి వచ్చిన డూమ్ గురించి ఎవరూ చెప్పలేదు. అందులో స్టేజి నడుస్తుండగా సంగీతమే ఉండదు. దాన్ని ఐడీ ముఖ్య ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ స్వయంగా చేశాడు, 1994లో. పాటలు వాయించాల్సిన సౌండ్ ప్రాసెసర్‌ని గేమ్ లెక్కలకి వాడేసుకోవాల్సి వచ్చింది, అందుకే పాటలు లేవు. తర్వాత వేరే గేమ్ మెషిన్లకి వచ్చిన చాలా డూమ్‌లకి ఆ జాగ్వార్ డూమే మూలం. ప్లేస్టేషన్‌లో మీరు ఆడిన మొదటి స్టేజీలు కూడా జాగ్వార్ కోసం కుదించిన మ్యాపులే. బావగారి కంప్యూటర్‌లో ఉన్న కొన్ని గదులు అందులో ఉండవు. జాగ్వార్‌లో సంగీతం లేకపోవడం గతిలేక. ప్లేస్టేషన్‌లో పాట లేకపోవడం మాత్రం కావాలని చేసింది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద తేడా. మెషిన్‌కి పాటలు వాయించే సత్తా ఉండి కూడా వద్దనుకుని భయాన్ని ఎంచుకున్నారు.

అది కాకుండా డూమ్, డూమ్ 2 రెండూ కలిపి 59 స్టేజీలు ఒకే సీడీలో ఇచ్చారు. పోయినవి కూడా ఉన్నాయి. చచ్చిన రాక్షసుల్ని లేపే ఆర్చ్‌వైల్ అందులో లేడు. వాడి బొమ్మలు చాలా ఎక్కువ, మెమరీ సరిపోలేదు.

మీకు పనికొచ్చే మాట: మీ పీఎస్ 4లో ఉన్నది 2024 ఆగస్టులో వచ్చిన డూమ్, డూమ్ 2 జంట ప్యాక్ అయితే, ఆప్షన్స్‌లో పాత పాటలూ, ఆండ్రూ హుల్షుల్ట్ చేసిన కొత్త పాటలూ మార్చుకోవచ్చు. మీరు విన్న గిటార్లు బహుశా ఆ కొత్తవే. ప్లేస్టేషన్ 1 శబ్దాలు మాత్రం అందులో లేవు. వాటికి దగ్గరగా కావాలంటే డూమ్ 64 కొనండి. 1997లో నింటెండో 64 మెషిన్‌కి వచ్చింది, 2020 నుంచి పీఎస్ 4లో కూడా ఉంది. దానికీ సంగీతం ఆబ్రీ హాడ్జెస్‌దే. స్టేజీలు వేరు, రాక్షసుల బొమ్మలు వేరు, హోరు మాత్రం మీరు చెప్పినదే. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి.

మిర్చియార్డు_పద్దులు (గుంటూరు):

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. మండే ఆకాశం! అవును, ఉండేది. దాని గురించి నేను రాయడం మర్చిపోయాను. ఆయన అడగ్గానే ఒళ్లు జలదరించింది.

డూమ్ 64 శనివారం రాత్రి కొన్నాను. ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదటి తలుపు తెరవకముందే అర్థమైంది. అదే గాలి. కాసేపు బొమ్మని కదపకుండా అలాగే నిలబెట్టి విన్నాను. వెనక నుంచి మా అమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే కేక పెట్టాను. తనకి ఒక వైపు హెడ్‌ఫోన్ ఇచ్చాను, రెండు నిమిషాలు విని "నాన్నా, ఇది వద్దు" అని లోపలికి వెళ్లిపోయింది. బావకి ఫోన్ చేసి ఇక్కడి జవాబులన్నీ చదివి వినిపించాను. ఒప్పుకున్నాడు. సౌండ్ చిప్ సంగతి తనకి తెలియదన్నాడు.

ఇంకో సంగతి. ఆదివారం నరసరావుపేట వెళ్లి అమ్మ వాళ్లింట్లో ట్రంకు పెట్టె తీయించాను. ఆ లెక్కల నోటు దొరికింది. చివరి పేజీలో పదకొండు కోడ్‌లు ఉన్నాయి. చివరి కోడ్ పక్కన నాతో ఆడిన మా క్లాసు వాడి చేతిరాతతో "ఇక్కడ నీలం తాళం దొరకలేదు" అని ఉంది. ఆ స్టేజి మేము ఎప్పటికీ దాటలేదు, షాపు మూసేశారు. ఇవి ఇప్పుడు ఎక్కడైనా పనిచేస్తాయా?

పటమట_పిక్సెల్:

పనిచేస్తాయి. సైడూమ్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. ప్లేస్టేషన్ డూమ్‌ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లో నడిపిస్తుంది, కోడ్ వేసే స్క్రీన్‌తో సహా. కాకపోతే అసలు డిస్క్ కావాలి. నా దగ్గర ఒకటి ఉంది, గీతలు పడ్డా చదువుతుంది. విజయవాడ వచ్చినప్పుడు చెప్పండి, నోటు తీసుకుని రండి. అసలు ప్లేస్టేషన్ కూడా ఉంది, రెండింటిలో ఎందులో కావాలంటే అందులో వేద్దాం.

మిర్చియార్డు_పద్దులు (గుంటూరు):

ఈ ఆదివారం యార్డు సెలవు, పొద్దున్నే బయలుదేరతాను. మా వాడు ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాడు, వాడికీ చెప్పాను, వస్తానన్నాడు. చివరి కోడ్‌లో ఏడో అక్షరం బీయో, 8యో తెలియడం లేదు, పెన్సిల్ చెరిగిపోయింది. రెండూ వేసి చూద్దాం.