హైదరాబాద్ చలికి డీజిల్ బండి మైలేజీ పడుతుందా, నింద చలి మీద వేస్తున్నామా?

నాలుగో గేరు:
సంక్రాంతి ముందు ప్రతి ఏడాదీ వచ్చే గొడవే. వేసవిలో 18 ఇచ్చే 1.5 లీటర్ల డీజిల్ బండి డిసెంబర్, జనవరిలో 15 దగ్గర ఆగిపోతోందని ఒక వర్గం. మన ఊరి చలికి అంత సీను లేదు, కొలత తప్పో బండిలో లోపమో ఉండి ఉంటుందని ఇంకో వర్గం. దేనివల్ల ఎంత పోతుందో అంకెలతో చెప్పండి. "మా బావ బండికి ఏం కాలేదు" లాంటివి దయచేసి వద్దు.

డీజిల్ మామ:
తేల్చేదేముందన్నా, గిది చలే కాదు. పొద్దుగాల పటాన్‌చెరు, రాజేంద్రనగర్ దిక్కు 10–12 డిగ్రీలు, మధ్యాహ్నం అయ్యేసరికి మళ్ల 28. డీజిల్‌ల మైనం గడ్డకట్టుడు లడఖ్ ముచ్చట. అందుకే ఇండియన్ ఆయిల్ 2019ల అక్కడికి మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. మన బంకుల చలికాలం డీజిల్‌కు ఫిల్టర్ మూసుకుపోయే హద్దు 6 డిగ్రీలు. సిటీల గంత కిందికి పోవుడు అరుదు. పైగా చలికాలం ఏసీ బంద్. ట్రాఫిక్‌ల ఏసీ ఒక్కటే 5 నుంచి 10 శాతం తింటది. లెక్క ప్రకారం మైలేజీ పెరగాలె, తగ్గుడేంది?

లెక్కల మాస్టారు:
మామ గారూ, ఏసీ మాట ఒప్పుకుంటున్నాను. మిగతావి కూడా తూచి చూద్దాం.

గాలి. 40 డిగ్రీల గాలి కంటే 15 డిగ్రీల గాలి 8.7 శాతం చిక్కన (313ని 288తో భాగించి చూడండి). ఔటర్ మీద 100లో పోయే బండికి సగానికి పైగా శ్రమ గాలిని చీల్చడానికే. అంటే తెల్లవారుజామున 4–5 శాతం అక్కడే పోతుంది. కూకట్‌పల్లిలో 25లో పాకే బండికి మాత్రం ఇది లెక్కలోకే రాదు.

టైర్లు. మధ్యాహ్నం 35 డిగ్రీల్లో 33 పీఎస్ఐ కొట్టించిన టైరు, తెల్లారి 15 డిగ్రీల్లో 30 చూపిస్తుంది. అందరూ దీన్నే పెద్ద దొంగ అంటారు గానీ 3 పీఎస్ఐకి పోయేది ఒక శాతం లోపే.

డీజిల్. 15 డిగ్రీలు చల్లబడితే లీటరుకు 1.2 శాతం సరుకు ఎక్కువ వస్తుంది, అది మన లాభం. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది కాబట్టి అంత కూడా రాదనుకోండి.

ఇంజిన్ ఆయిల్. 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 40 డిగ్రీల దగ్గరే 105–110. ఇక 15 డిగ్రీల్లో ఆముదమే. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతీ అంతే. అసలు నష్టం బండి వేడెక్కేదాకా ఉండే ఆ మొదటి కొన్ని కిలోమీటర్లలోనే ఉంది. పిల్లల్ని స్కూల్లో దింపి ఇంటికొచ్చే బండి రోజంతా ఆ కిలోమీటర్లే తిరుగుతుంది.

పొద్దున్నే డ్యూటీ:
అందుకే కదండీ స్టార్ట్ చేసి ఓ 5 నిమిషాలు వదిలేయమనేది. ఇంజిన్ వేడెక్కాక కదిలితే ఆ నష్టం ఉండదు.

లెక్కల మాస్టారు:
ఉన్న నష్టానికి ఇంకోటి తోడవుతుంది. 1.5 లీటర్ల డీజిల్ ఊరికే తిరిగితే గంటకు 0.7 లీటర్ దాకా తాగుతుంది. 5 నిమిషాలంటే దాదాపు 60 మిల్లీలీటర్లు. లీటరుకు 15 చొప్పున 5 కిలోమీటర్లకు పట్టేది 333 మిల్లీలీటర్లు. దానికి ఈ 60 కలిపితే 15 కాస్తా 12.7 అవుతుంది. చలి తినని మైలేజీ మీరే తినేశారు. పైగా డీజిల్ ఇంజిన్ వృథాగా వదిలే వేడి తక్కువ కాబట్టి ఐడిల్‌లో సరిగ్గా వేడెక్కదు. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాక అర నిమిషం ఆగి కదలండి, మొదటి 4–5 కిలోమీటర్లు 2000 ఆర్‌పీఎం దాటకుండా నడపండి. లోడు మీదే అది త్వరగా వేడెక్కుతుంది.

పానా నంబర్ 10:
మాస్టారి లెక్కలన్నీ కూడినా, ఏసీ లాభం తీసేస్తే, మామూలు సిటీ తిరుగుడుకు 18 కాస్తా 15 కాదు. అంత పడిందంటే నేను ముందు చూసేది థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని మూత. తెరుచుకుని ఇరుక్కుపోయిందా, లేక అసలు ఉందా అని. మే నెలలో బండి హీటెక్కుతోందని గ్యారేజీకి వెళ్తే వాల్వ్ పీకేసి హౌసింగ్ మళ్లీ బిగించి పంపే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అది చేసినట్టు ఓనర్‌కి చెప్పేవాళ్లు తక్కువ. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏ తేడా తెలియదు. జనవరిలో ఔటర్ ఎక్కితే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లార్చే ద్రవం) 60 డిగ్రీలు దాటదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) అనుకుంటుంది: ఐడిల్ పెంచి ఉంచుతుంది, కొన్ని బండ్లలో హీటర్ ప్లగ్గుల్ని కూడా ఎక్కువసేపు వెలిగిస్తుంది. బిల్లు చలికి రాస్తున్నారు.

డీజిల్ మామ:
తమ్మీ, ఆ వాల్వ్ చల్లటి దేశాలకు. మన ఎండలకు అది లేకుంటేనే ఇంజిన్ హాయిగ ఉంటది. ఏండ్లసంది తీస్తనే ఉన్నరు, ఎవ్వరి ఇంజిన్ సీజ్ కాలే.

పానా నంబర్ 10:
సీజ్ అవుతుందని నేననలేదు మామా. రెండు వైపుల మూత ఉండే వాల్వ్‌లు కొన్ని ఉంటాయి. అది వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచి, బైపాస్ దారి మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండానే తిరిగొస్తాయి. అంటే మీరు హాయి అనుకున్నదే ఎండాకాలం ఎదురు తిరుగుతుంది. హీటెక్కడానికి అసలు కారణం మూసుకుపోయిన రేడియేటరో, పని చేయని ఫ్యానో అయితే దాన్ని వదిలేసి వాల్వ్ మీద పడితే ఎలా?

బీఎస్6 బండికైతే ఇంకో దెబ్బ. 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటుంది. అందులో చేరిన మసి కాల్చడానికి 600 డిగ్రీలు కావాలి, దానికోసం ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుంది. కూలెంట్ తగినంత వేడెక్కకపోతే ఆ మసి కాల్చే పని (రీజెన్) మొదలే కాదు. మొదలైనా 10–20 నిమిషాలు సాగాల్సింది ఇల్లు రాగానే కీ తిప్పేస్తారు. మర్నాడు మళ్లీ మొదటికి. ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పెరిగితే సంతోషించకండి, ఆయిల్ మార్చండి.

నాలుగో గేరు:
వాల్వ్ ఉందో లేదో విప్పకుండా తెలుసుకునే దారి?

పానా నంబర్ 10:
రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేసి రేడియేటర్ పైహోస్ మీద చెయ్యి పెట్టండి. ఫ్యాన్‌కి, బెల్టుకి దూరంగా. బాగున్న బండిలో హోస్ చాలాసేపు చల్లగానే ఉండి, ఒక్కసారిగా కాలుతుంది. మొదటి నిమిషాల నుంచే నెమ్మదిగా గోరువెచ్చబడుతూ పోతే వాల్వ్ తెరిచే ఉంది, లేదా లేనే లేదు. హోస్ కన్నా నమ్మకమైనది ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం): 20 కిలోమీటర్లు పోయాక కూలెంట్ 80–90 మధ్య నిలకడగా ఉండాలి. స్పీడులో 70కి దిగి, సిగ్నల్ దగ్గర మళ్లీ ఎక్కుతుంటే అనుమానమే అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు సూదిని నమ్మొద్దు, చాలా బండ్లలో అది చాలా తేడాలకు కూడా మధ్యలోనే నిలబడుతుంది.

లెక్కల మాస్టారు:
దానికి ముందు మైలేజీ కొలత సరి చూసుకోండి. డీజిల్ నురగ కడుతుంది, ఆటో కట్ ఒక బంకులో ఒకలా పడుతుంది. 40 లీటర్లలో ఒకటిన్నర లీటర్ తేడా వస్తే దాదాపు 4 శాతం మాయం. అదే బంకు, అదే పంపు, మొదటి ఆటో కట్ దగ్గరే ఆపించి, మూడు ట్యాంకుల సగటు తీయండి.

డీజిల్ మామ:
సరే, కొత్త వాల్వ్ ఏస్తే 82 డిగ్రీలకు తెరుచుకునేదా, 88దా? మన ఊరికి 82 చాలుగదా?

పానా నంబర్ 10:
మీ బండికి కంపెనీ ఇచ్చిందే వేయండి మామా, అంకె దాని మీదే కొట్టి ఉంటుంది. కొత్తదైనా బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి మరిగించండి. ఆ అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో 10–12 డిగ్రీలకు పూర్తిగా తెరవాలి. పాత ఓ-రింగ్ మళ్లీ వాడకండి. కూలెంట్, నీళ్లు 50:50 కలిపి పోసి, ఎయిర్ తీసే స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా వదలండి. ఎయిర్ ఉండిపోతే మళ్లీ హీటెక్కుతుంది, మళ్లీ ఎవరో ఒకరు వాల్వ్ పీకేస్తారు.