డీర్ అంటే మొదట్లో జింక కాదు

డీర్‌కి బహువచనంలో ఎస్ ఎందుకు చేరదని ఇక్కడ ఒకరు అడిగారు. పాత ఇంగ్లీషులో అది నపుంసకలింగ పదం, ఆ లింగం పదాల్లో దీర్ఘాచ్చు ఉన్నవాటికి కర్త, కర్మ రూపాల్లో బహువచన ప్రత్యయం ఉండేది కాదు, షీప్ (గొర్రె), స్వైన్ (పంది) కూడా ఆ బాపతే. వ్యాకరణం అంతటితో సరి, అసలు తమాషా అర్థంలో ఉంది.

అప్పట్లో ఆ పదం డేయోర్. అర్థం జంతువు, ముఖ్యంగా అడవి జంతువు. జింకల్లో మగదాన్ని హేయొరొట్ అనేవాళ్లు, అదే ఇప్పటి హార్ట్ (గుండె కాదండోయ్), ఆడదాన్ని హిండ్. విల్డర్‌నెస్‌లో కూడా ఈ డేయోర్ దాక్కుని ఉంది, అడవి జంతువులు తిరిగే చోటు అని. జర్మన్‌లో టీర్, డచ్‌లో డీర్ అంటే ఇవాళ్టికీ జంతువే, బెర్లిన్‌లోని టీర్‌గార్టెన్ అనే పార్కు పేరులో ఉన్నది అదే. ఇంగ్లీషులో మాత్రం 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు ఇంగ్లండు మీదికి వచ్చాక ఫ్రెంచి నుంచి బీస్ట్ దిగింది, తర్వాత లాటిన్ ఆనిమల్ వచ్చింది, వేటగాళ్ల నోట డేయోర్ అంటే వాళ్లు ఎక్కువ మోజుపడే జంతువు అయి కూర్చుంది. అయినా పాత అర్థం ఒక్కసారిగా పోలేదు. షేక్‌స్పియర్ కింగ్ లియర్‌లో పిచ్చివాడి వేషంలో ఉన్న ఎడ్గర్ చిట్టెలుకలు, ఎలుకలు, అలాంటి చిన్న డీర్ తిని బతికానంటాడు. అక్కడ జింక అని చదివితే నవ్వులపాలే.

మనకు ఇది కొత్తగా అనిపించకూడదు, ఎందుకంటే మృగం కథ కూడా ఇదే. ఋగ్వేదంలో ఏనుగుని కూడా మృగం అన్నారు, చేయి ఉన్న మృగం అని, తొండం చూసి. సంస్కృతంలోనే అది జింకకు కూడా వాడుకైంది, హిందీవాళ్లకు మృగ్ అంటే ఇప్పుడు జింకే. తెలుగు మాత్రం జింక, లేడి, దుప్పి అని సొంత పేర్లు పెట్టుకుని మృగాన్ని క్రూరజంతువులకు వదిలేసింది, మనిషిని తిట్టడానికి కూడా. కానీ సమాసాల్లో రెండూ కలిసే ఉన్నాయి: మృగరాజులో ఉన్నది జంతువు, మృగనయనలో, మృగశిరలో ఉన్నది జింక. (మృగశిర కార్తె నాడు మనం తినేది చేపలనుకోండి, అది వేరే సంగతి.) అందుకే మాయామృగం అని చదివి పులినో సింహాన్నో ఊహించుకునే పిల్లల్ని తప్పుపట్టలేం.

వ్యాఖ్య: బాగుంది గురువుగారూ. మరి ఉత్తరాల్లో డియర్ సర్ అని రాస్తామే, అది కూడా ఇందులోంచేనా?

జవాబు: కాదండీ, ఉచ్చారణ కలిసిందంతే. అది డేయోరె అనే మరో పదం, విలువైనది, ఇష్టమైనది అని అర్థం. బ్రిటన్‌లో ఖరీదెక్కువైన సరుకుని ఇప్పటికీ డియర్ అంటారు. మనవాళ్లు టమాటాలు మరీ ప్రియమైపోయాయి అనడం లేదూ, సరిగ్గా అలాగే.