యూరప్ ప్రయాణంలో జేబుదొంగల బెడద: పాస్‌పోర్టులు, డబ్బు ఎలా దాచుకోవాలి?

గంటస్తంభం (విజయనగరం):
నమస్కారం. సెప్టెంబరులో అమ్మానాన్నలను తీసుకుని పారిస్, రోమ్ వెళ్తున్నాము. పైడితల్లమ్మ సిరిమానోత్సవం జనంలో కూడా పర్సు రొంటిన దోపుకుని నిశ్చింతగా తిరిగివచ్చే మా అమ్మకు, అక్కడి జేబుదొంగల సంగతి విన్నప్పటి నుంచి దిగులు పట్టుకుంది. నలుగురి పాస్‌పోర్టులూ ఒకే సంచిలో ఉంచాలా, ఎవరివి వారి దగ్గరే ఉండాలా? అమ్మ పుస్తెలతాడు మాటేమిటి? వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.

నాగావళి (శ్రీకాకుళం):
రోమ్‌లో టెర్మిని స్టేషను నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సులో మాకు జరిగినది చెబుతాను. మావారి పర్సు ప్యాంటు ముందు జేబులోనే ఉంది. ఎక్కుతుండగా ముందున్న ఆమె మెట్టు మీదే ఆగిపోయింది, వెనక నుంచి ఇద్దరు నెట్టారు, పడిపోకుండా ఆయన రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నారు. తలుపు మూసుకునేలోగా ఆ ముగ్గురూ దిగిపోయారు, తడుముకుంటే జేబు ఖాళీ. 140 యూరోలు, ఒక ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకుని వాడే కార్డు) పోయాయి. ఆ కార్డును యాప్‌లో వెంటనే లాక్ చేశాము, రెండోది నా దగ్గర ఉండబట్టి మిగతా ప్రయాణం సాగింది.

కాబట్టి ఏదీ ఒక్కచోట ఉంచకండి, ఎవరి పాస్‌పోర్టు వారి ఒంటి మీదే, బట్టల లోపల ఉండాలి. మా అత్తగారు అరసవల్లి రథసప్తమి రద్దీకి వెళ్లేటప్పుడు లోపావడాకు జేబు కుట్టుకుంటారు. అమ్మగారికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. ఆ రోజు ఖర్చుకు కావలసిన చిల్లర మాత్రం చిన్న పర్సులో వేరుగా ఉంచండి, నలుగురిలో ఆ జేబు తీయవలసిన అవసరం రాకూడదు. బంగారు తాడు ఇంట్లో ఉంచి, సూత్రాలను పసుపుతాడుకు గుచ్చుకుంటే సరిపోతుంది.

బొబ్బిలి కోట (ప్రస్తుతం పారిస్):
మాష్టారూ, ఎవరైనా పలకరిస్తే ఆగి బదులు చెప్పడం మన మర్యాద. ఇక్కడి మోసగాళ్లకు కావలసింది సరిగ్గా ఆ ఆగడమే. సాక్రేకూర్ చర్చి మెట్ల దగ్గర వేలికి రంగుదారం చుట్టి, ముడి బిగించాక డబ్బడుగుతారు. ఈఫిల్ టవర్ పరిసరాల్లో మూగ, చెవిటివారి పేరు చెప్పి అట్ట ముందుకు చాపి సంతకం అడుగుతారు, ఆ అట్ట కిందనే ఇంకో చేయి మీ సంచిలోకి వెళ్తుంది. సెన్ నది ఒడ్డున ఇత్తడి ఉంగరం చూపి "ఇది మీదేనా" అంటారు. చేతులు దగ్గరగా పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, నడక ఆపకుండా సాగిపోండి, అది అమర్యాద కాదు. పోలీసులమని చెప్పి పర్సు చూపమంటే, స్టేషనుకు వెళ్లి చూపిస్తామనండి. మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఫోన్ చూడవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి, తలుపు మూసుకునే క్షణంలోనే లాక్కుని దిగిపోతారు.

నాగావళి (శ్రీకాకుళం):
ఒకటి మరిచాను. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు కాగితం తీసుకుని, ఆ తర్వాత భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు వేరే సంచిలోనూ, ఫొటోలు ఈమెయిల్‌లోనూ ఉంచండి. అత్యవసరానికి ఆ దేశాలన్నిటిలో 112 పనిచేస్తుంది.

గంటస్తంభం (విజయనగరం):
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకు అన్నీ చదివి వినిపించాను. పాస్‌పోర్టు కొలతకు గుడ్డ కత్తిరించి, జేబు కుట్టడం అప్పుడే మొదలుపెట్టింది.